విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, పాత కంప్యూటర్‌ను ఇంకా వాడుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: తెనాలిలో మీ నాన్నగారి దగ్గర 2014లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో 'అను' తెలుగు ఫాంట్లతో వ్యాసాలు టైప్ చేస్తారు, పెన్షన్ పడిందో లేదో బ్యాంకు సైట్‌లో చూసుకుంటారు, సాయంత్రం ప్రవచనాలు వింటారు. సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్ వస్తోంది. షాపతను "ఇక పనికిరాదు సార్, కొత్తది తీసుకోండి" అంటున్నాడు. కొనాలా, ఇంకొన్నాళ్లు నడిపించవచ్చా?

నడిపించవచ్చు. కానీ ఇప్పటిదాకా నడిపినట్టే నడపకూడదు. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగేది మిషన్ వయసు కాదు, దాని మీద ఏమేం పనులు జరుగుతున్నాయని. మీ నాన్నగారి విషయంలో మూడు పనులున్నాయి. బ్యాంకు పనికి భద్రత పూర్తిగా ఉండాలి. ప్రవచనాలకు ఒక మంచి బ్రౌజర్ చాలు. అను ఫాంట్లకు పాత విండోస్ కావాలి, కానీ ఇంటర్నెట్ అక్కర్లేదు. ఈ మూడూ ఒకే విండోస్‌లో కలిసిపోయి ఉండటమే అసలు ఇబ్బంది. వాటిని విడదీస్తే సగం టెన్షన్ పోతుంది.

ముందుగా, సపోర్ట్ అయిపోవడం అంటే ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున కూడా కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది, అన్నీ పనిచేస్తాయి. అందుకే చాలామంది "ఏమీ కాలేదుగా" అనుకుని ఊరుకుంటారు. ప్రమాదం నెలనెలా కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం, అంటే మనకు ఆ రాత్రి పొద్దుపోయాక, విండోస్ 11లో దొరికిన లోపాలను సరిచేసే ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. ప్యాచ్‌కు ముందు ఫైల్, తర్వాత ఫైల్ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ చోట ఏం సరిచేశారో తెలిసిన వాళ్లకు అర్థమైపోతుంది. విండోస్ 11 లోపలి కోడ్‌లో చాలా భాగం విండోస్ 10లో ఉన్నదే. అంటే అక్కడ మూసిన కంత ఇక్కడ తెరిచే ఉంటుంది, పైగా అది ఎక్కడుందో ప్యాచే చూపిస్తుంది. అప్‌డేట్లు ఆగిన కంప్యూటర్‌లో తెలిసిన లోపాల సంఖ్య పెరగడమే గానీ తగ్గడం ఉండదు.

ఇదేదో దూరదేశాల సంగతి అనుకోకండి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒక మిషన్‌కు సోకితే ఫైల్ షేరింగ్‌లోని లోపం ద్వారా పక్కదానికి దానంతటదే పాకింది. ఆ లోపానికి ప్యాచ్ ఆ ఏడాది మార్చి 14నే వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. 2014లోనే సపోర్ట్ అయిపోయిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రం దాడి జరిగాక గానీ ప్యాచ్ రాలేదు, అదీ ప్రత్యేకంగా విడుదల చేస్తేనే. అలా ప్రతిసారీ చేస్తారని నమ్ముకోలేం.

యాంటీవైరస్ ఉంది కదా అంటారేమో. విండోస్ 10లోని డిఫెండర్‌కు వైరస్ గుర్తింపు అప్‌డేట్లు 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది మంచి విషయమే, డిఫెండర్‌ను తీసేయకండి, దాని మీద డబ్బు పెట్టి ఇంకొకటి కొననూ అక్కర్లేదు. కానీ యాంటీవైరస్ తెలిసిన దొంగ మొహాలను గుర్తుపడుతుంది, అంతే. ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉన్న కంతను అది పూడ్చలేదు. గడియ విరిగిన తలుపు దగ్గర కుక్కను కట్టేసినట్టు ఉంటుంది.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఒక పొడిగింపు ఇచ్చింది. అందులో చేరితే విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. మధ్యలో చేరినా అప్పటిదాకా వచ్చినవన్నీ అందుతాయి. చేరడానికి మూడు దారులున్నాయి: కంప్యూటర్ సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు సింక్ చేస్తే ఉచితం, లేదా వెయ్యి రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. మీకు మొదటిది చాలు. డబ్బు కట్టి చేయించుకోమని ఎవరైనా అంటే వినకండి.

సెట్టింగ్స్‌లో 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ', అందులో 'విండోస్ అప్‌డేట్' తెరవండి. కుడివైపునో కిందనో 'ఎన్‌రోల్ నౌ' అనే లింక్ కనబడాలి. కనబడకపోతే రెండు సంగతులు చూడండి. విండోస్ వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. స్టార్ట్‌లో 'విన్‌వెర్' (winver) అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే వచ్చే చిన్న పెట్టెలో అది ఉంటుంది. పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ చూడాలి. ఇక్కడొక మెలిక ఉంది. సింక్ అడిగినప్పుడు ఫొటోలు, డాక్యుమెంట్ల ఫోల్డర్లను కూడా మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన వన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమంటారా అని అడుగుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. మనవళ్ల ఫొటోలతో అది నాలుగు రోజుల్లో నిండిపోయి, ఇంకా స్థలం కొనమని మెసేజ్‌లు మొదలవుతాయి. ఫోల్డర్లను వద్దని, సెట్టింగ్స్ ఒక్కటే సింక్ చేయండి.

దీనికంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది, మొహమాటం లేకుండా అడుగుతున్నాను. ఆ విండోస్ ఒరిజినలేనా? షాపులో పార్టులు పెట్టి బిగించి ఇచ్చిన డెస్క్‌టాప్‌లలో క్రాక్ చేసిన విండోస్ వేసి ఇవ్వడం మామూలు. తప్పు మీ నాన్నగారిది కాదు, ఆయనకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. కానీ యాక్టివేట్ చేసే ఆ దొంగ ప్రోగ్రాములు ముందుగా యాంటీవైరస్ ఆపమంటాయి, ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుస్తాయి. లోపల ఇంకేం పెట్టిపోయాయో మనకు తెలిసే దారి లేదు. అలాంటి విండోస్ మీద ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడానికి నేను ఒప్పుకోను. ఆ విండోస్‌ను పూర్తిగా పక్కన పెట్టి, కింద చెప్పబోయే లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) దారి పట్టండి.

తర్వాత అకౌంట్ సంగతి. ఇళ్లలో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తోనే రోజూ పనిచేస్తారు. అప్పుడు పొరపాటున నొక్కిన ప్రోగ్రాముకు కూడా మొత్తం కంప్యూటర్ మీద అధికారం వచ్చేస్తుంది. నాన్నగారి రోజువారీ పనికి 'స్టాండర్డ్ యూజర్' అకౌంట్ ఒకటి తీయండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. ఏదైనా ఇన్‌స్టాల్ అవ్వబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆయన మీకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ కాల్ వల్ల ఆగిపోయే ఇబ్బందులు చాలా ఉంటాయి. పైసా ఖర్చు లేని ఇంత మంచి రక్షణ ఇంకొకటి నాకు తెలియదు.

'విండోస్ ఫీచర్స్'లో ఎస్‌ఎంబీ 1.0 (పాత ఫైల్ షేరింగ్ పద్ధతి) టిక్ ఉంటే తీసేయండి. వాన్నాక్రై పాకింది ఆ దారినే. వాడని ప్రోగ్రాములు, ముఖ్యంగా పాత జావా, ఫ్లాష్ ప్లేయర్, ఎప్పుడో ఎవరో పెట్టిన రిమోట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఉంటే తొలగించండి. ఆఫీస్ 2016, 2019లకు కూడా అదే 2025 అక్టోబర్ 14న సపోర్ట్ అయిపోయింది, ఇది చాలామంది గమనించలేదు. మెయిల్‌లో వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను వాటితో తెరిచే బదులు లిబ్రేఆఫీస్ వేసుకోండి, ఉచితం. బ్రౌజర్‌కు మాత్రం అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి, ఎడ్జ్‌కు కనీసం 2028 అక్టోబర్ వరకు వస్తాయి. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్‌ను ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పెట్టండి. అందులో అది పూర్తిగా పనిచేస్తుంది. పెద్దవాళ్లను బుట్టలో వేసే నకిలీ 'డౌన్‌లోడ్' బటన్లలో చాలావరకు దానితోనే మాయమవుతాయి.

విండోస్ 7 ఇంకా వాడేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. మీకు ఈ ఉపాయాలు సరిపోవు. దానికి సపోర్ట్ 2020 జనవరి 14తో పోయింది, క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. నెట్ కేబుల్ తీసేసి వాడుకోండి, లేదా లైనక్స్ వేయండి.

ఇక మీ ఇంటికి నేను చెప్పే శాశ్వతమైన పరిష్కారం. పొడిగింపు కొన్నాళ్ల వెసులుబాటే. ఆ లోపు ఇది చేసుకోండి.

ఆ క్యాబినెట్‌లో ఇంకో డిస్క్ పట్టే చోటు తప్పకుండా ఉంటుంది. హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి. వీలైతే ర్యామ్‌ను 8 జీబీ చేయండి. ఆ తరం బోర్డులకు డీడీఆర్3 ర్యామ్ కావాలి, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద లైనక్స్‌లో మింట్ అనే రకాన్ని వేయండి. పాత హార్డ్ డిస్క్ మీద విండోస్‌ను అలాగే వదిలేయండి, కానీ దానికి ఇంటర్నెట్ ఉండకూడదు. బ్యాంకు, ప్రవచనాలు, మెయిల్ మింట్‌లో. పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్‌లో. ఒకే డబ్బాలో రెండు కంప్యూటర్లు ఉన్నట్టే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ హార్డ్ డిస్క్‌కు ఉన్న సాటా కేబుల్‌ను తప్పకుండా ఊడదీయండి. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి మింట్ వేసి, అది సరిగ్గా బూట్ అయ్యాకే పాత డిస్క్ కేబుల్ పెట్టండి. రెండూ తగిలించి ఉంచితే ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లను పాత డిస్క్ మీద రాసే అవకాశం ఉంది. రేపు ఒక డిస్క్ పాడైతే రెండూ లేవకుండా పోతాయి. కేబుల్ తీసి చేస్తే దేనిది దానికే. తర్వాత బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) మొదటి బూట్ డిస్క్‌గా ఎస్‌ఎస్‌డీని పెట్టండి. విండోస్ కావలసినప్పుడు ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కాలి; బోర్డును బట్టి అది ఎఫ్12, ఎఫ్11 లేదా ఎఫ్8 అవుతుంది. ఏదో చూసి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ కింద అంటించండి.

విండోస్‌లోకి వెళ్లి 'నెట్‌వర్క్ కనెక్షన్స్'లో ఉన్న ప్రతి అడాప్టర్‌ను డిజేబుల్ చేయండి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' తీసేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, మింట్ ఆ డిస్క్‌ను చదవగలదు గానీ దాని మీద రాయలేదు. ఇది చేశాక నాన్నగారు పేజ్‌మేకర్‌లో వ్యాసం కూర్చి పీడీఎఫ్ చేసి పెట్టుకుంటారు. మింట్‌లోకి వచ్చాక ఆ హార్డ్ డిస్క్ ఎడమపక్క కనబడుతుంది, ఫైల్‌ను అక్కడి నుంచే పత్రికకు మెయిల్‌లో జతచేస్తారు. మధ్యలో పెన్‌డ్రైవ్ అవసరమే రాదు.

పెన్‌డ్రైవ్ తప్పించడం మీద నాకంత పట్టుదల ఎందుకంటే, నెట్ లేని విండోస్‌కు మిగిలిన ఒకే ఒక్క దొడ్డిదారి అదే. జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్ తెరవగానే ఫోల్డర్లన్నీ బాణం గుర్తున్న షార్ట్‌కట్లుగా మారిపోయి ఉండటం మీరూ చూసే ఉంటారు. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, వైరస్ వాటిని దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. మనం ఫోల్డర్ అనుకుని దాన్ని డబుల్ క్లిక్ చేస్తే వైరస్ నడుస్తుంది. అలాంటి పెన్‌డ్రైవ్‌ను మింట్‌లో తెరిస్తే ఆ షార్ట్‌కట్లు ఏమీ చేయలేవు, దాచిన ఫైళ్లూ కనబడతాయి. కావలసినవి తీసుకుని పెన్‌డ్రైవ్‌ను అక్కడే ఫార్మాట్ చేయవచ్చు. ప్రింట్ కోసం బయటికి వెళ్లేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే తీసుకెళ్లి, వచ్చాక ఫార్మాట్ చేయడం అలవాటు చేయించండి.

మింట్ వేయకముందే పరీక్షించి చూసుకునే వీలుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అక్కడి నుంచే బూట్ చేస్తే డిస్క్‌ను ముట్టుకోకుండానే నడుస్తుంది. సౌండ్ వస్తోందా, వైఫై పట్టిందా, ప్రింటర్ పనిచేస్తోందా చూడండి. అన్నిటికంటే ఎక్కువగా ప్రింటర్ చూడండి. మన దగ్గర ఊరూరా ఉండే క్యానన్ ఎల్‌బీపీ 2900 లైనక్స్‌లో బాగా ఇబ్బంది పెడుతుంది. అదే మీ ఇంట్లో ఉంటే ప్రింట్లు విండోస్ వైపు నుంచి తీసుకోవడమే సుఖం. ప్రింటర్‌కు యూఎస్‌బీ కేబుల్ చాలు, నెట్ అక్కర్లేదు. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు తేలిగ్గానే కలుస్తాయి. మింట్ 22 సిరీస్‌కు 2029 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీ దగ్గరే ఆగిపోతే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి, అది తేలిక.

తెలుగు టైపింగ్ భయం అక్కర్లేదు. యూనికోడ్ తెలుగు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే తెలుగు, మింట్‌లో చక్కగా కనబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అందులోనే ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిని ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాము ద్వారా పెట్టుకోవచ్చు. కానీ అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట ఆ ఫైల్ తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. నాన్నగారికి ఏళ్ల తరబడి చేతికి అలవాటైన కీబోర్డ్‌ను ఈ వయసులో మార్చుకోమనడం నాకు సబబు అనిపించదు, అందుకే విండోస్‌ను ఉంచమంటున్నాను. అయితే ఆయన ఇంతకాలం రాసినవన్నీ ఒక్క హార్డ్ డిస్క్ మీద, ఒక్క పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయంటే నాకు వైరస్ కంటే అదే పెద్ద భయం. పదేళ్లు దాటిన హార్డ్ డిస్క్ ఏ రోజైనా ఆగిపోవచ్చు. మిగతా పనులన్నిటికంటే ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటి పీడీఎఫ్‌లు, అను ఫాంట్ల సెటప్, దాని లైసెన్స్ వివరాలు అన్నీ కాపీ చేయండి. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ తాళం వేస్తుంది. ఇంకో కాపీ మీ ఇంట్లో ఉండాలి.

విండోస్ 11 బలవంతంగా వేయవచ్చు కదా అని మీ తమ్ముడు అన్నాడని రాశారు. రూఫస్ లాంటి టూల్‌తో వేయవచ్చు, నడుస్తుంది కూడా. కానీ దానికి అధికారికంగా కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అవి లేని మిషన్లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ రాసి మరీ చెప్పింది. పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా మళ్లీ ఎవరో వచ్చి చేతితో వేయాలి. మీ తమ్ముడు పక్కనే ఉంటే సరే. హైదరాబాద్‌లో ఉండి తెనాలిలో మిషన్‌ను అలా నడపడం కుదరదు. 4 జీబీ ర్యామ్‌తో, హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 ఎలా ఉంటుందంటే, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం దగ్గరే ఉంటుంది, బ్రౌజర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్ర మిషన్ లాంటివి వాడేవాళ్లకు మాత్రం లైనక్స్ చెప్పను. వాళ్లు మిషన్ మార్చుకోవడమే మంచిది. కొత్తదే కొనక్కర్లేదు, ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ చాలు. అక్కడ "ఐ5 సార్, తిరుగులేదు" అంటారు. ఆ మాట వదిలేసి తర్వాత ఉన్న అంకెలు చదవండి. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, విండోస్ 11 వస్తుంది. ఐ5-6500 అంటే ఆరో తరం, రాదు. 10400 అని ఉంటే పదో తరం. టీపీఎం లేదని చూపించినా కంగారుపడకండి, చాలా బోర్డులలో అది బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది; ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఆన్ చేయవచ్చు. పాతది ఎవరికైనా ఇచ్చేస్తే డిస్క్ మాత్రం ఇవ్వకండి. ఆధార్, పాన్ కాపీలు అందులోనే ఉంటాయి, డిలీట్ చేసినంత మాత్రాన పోవు.

బ్యాంకు పనిని ఫోన్‌కు మార్చేద్దామా అని కూడా అడిగారు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది రెండు మూడేళ్ల కిందటిదైతే సపోర్ట్ పోయిన కంప్యూటర్ నుంచి సపోర్ట్ పోయిన ఫోన్‌లోకి వెళ్లినట్టే, కాబట్టి మింట్‌లోనే చేయించండి.

చివరగా, ఏ ప్యాచ్ వల్లా ఆగనిది ఒకటుంది. "మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, రెన్యూ చేయాలి" అని ఎవరో ఫోన్ చేస్తారు, లేదా స్క్రీన్ నిండా ఎర్రటి హెచ్చరిక, కింద ఒక నంబర్, పైన బీప్ శబ్దం వస్తాయి. సపోర్ట్ అయిపోయిందన్న వార్త నిజమే కాబట్టి పెద్దవాళ్లు తొందరగా నమ్ముతారు. మైక్రోసాఫ్ట్ ఇంటికి ఫోన్ చేయదు, దాని నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ వేయమని ఎవరు అడిగినా, బ్యాంకు వాళ్లమన్నా సరే, వద్దని ముందే చెప్పి ఉంచండి. ఆ ఎర్ర స్క్రీన్ వస్తే ఏమీ నొక్కకుండా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయమనండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు కూడా అదే గంటలో చెప్పాలి. డబ్బు ఇంకా చేతులు మారకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఆయన ఫోన్‌లో 1930ని, మీ బ్యాంకు హెల్ప్‌లైన్ నంబర్‌ను పాస్‌బుక్ వెనక నుంచి చూసి, మీరే సేవ్ చేసి ఇవ్వండి. గూగుల్‌లో వెతికి పెట్టుకోవద్దు, అక్కడ నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు ఉంటాయి.